ఎడమచేతి రాజుగారు

చూశావా నీ వైభోగం? నీ రాయి చుట్టూ ఇత్తడి గొలుసు కట్టారయ్యా. రోజూ దాన్ని తోమి తళతళలాడించే పని నాదేనట. ఇందాక చీపురు పక్కన పెట్టి రాయి మీద ఇలా నడుం వాల్చానో లేదో, కాపలావాడు ఈల ఊదుకుంటూ వచ్చేశాడు. "లే అమ్మా, అది మహారాజుగారు కత్తి నూరుకున్న రాయి" అన్నాడు. చెప్పేది ఎవరికో చూడు.

ముప్పై ఏళ్లు ఈ కొండమీద గడ్డి కోసింది నువ్వు. మహలుకీ గుడికీ మధ్యనున్న ఈ మెట్టు మీద రోజూ కొడవలి నూరింది నువ్వు. నూరి నూరి రాతికి దోసెడు లోతు గుంట పెట్టావు. పాతకాలపు కట్టడం పాడుచేస్తున్నావని పార్కు ఆఫీసరు నిన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడు, గుర్తుందా? నువ్వు పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ గుంటకే అద్దాల మూత చేయిస్తున్నారు.

ఇది విను, నవ్వుతావు. పోయినేడు ఓ చరిత్ర పండితుడొచ్చాడు. భూతద్దం పట్టుకుని పొద్దస్తమానం గుంటని కొలిచాడు. అరుగుదలంతా ఒక పక్కకే ఉందట. ఉండదా మరి? నీది ఎడమచేతి వాటం. ఆయనేమో రాజుగారిదే ఎడమచేతి వాటమని తేల్చేసి, దాని మీద పుస్తకం కూడా వేశాడు.

అక్కడితో ఆగారా? కింద గేటు దగ్గర రాజుగారి విగ్రహం ఉంది చూడు, దాని కుడిచేతిలోంచి కత్తి పీకి ఎడమచేతికి తగిలించారు. పాపం, ఆ ఖాళీ చెయ్యి చాచుకుని దారిన పోయే బస్సు ఆపుతున్నట్టు నిలబడ్డాడు. అసలు ఆ మహానుభావుడు ఈ కొండమీద ఉన్నదే నాలుగు వేసవులట. కత్తిపీటకైనా పదును పెట్టి ఎరుగునో లేదో.

ఈ కోతలన్నీ ఎవడు కోశాడంటావా? గైడా? వాడికంత తెలివి ఎక్కడేడిసింది.

సరే, నీ దగ్గర దాచి ఏం లాభం. పండితుడికి ముందు మరమ్మతులవాళ్లు వచ్చారయ్యా. అరిగిన రాళ్లన్నీ పెరికేసి కొత్తవి వేస్తారట. నీ రాయి మీద సుద్దతో అడ్డగీత గీశారు. గునపం కూడా దించారు. ఇదెలా అరిగిందమ్మా అని ఇంజనీరు నన్నే అడిగాడు. మా ఆయన కొడవలి నూరాడంటే ఆ పూటే రాయి లోయలో పడేది. నీ చెయ్యి ఆడిన చోటు నాకు ఇదొక్కటే మిగిలింది.

"రాజుగారు కత్తి నూరుకునేవారు బాబూ, మా అవ్వ చెప్పేది" అన్నాను.

అవ్వ మీద ఒట్టు కూడా వేశాను. గునపం ఆగింది. మిగతాదంతా చదువుకున్నవాళ్లే చూసుకున్నారు.

అవునయ్యా, నీ రాయిని ఆయన పేర రాయించింది నేనే. నీ పేరు చెబితే రాయి ఉండదు, రాయి ఉండాలంటే నీ పేరు చెప్పకూడదు. ఏం చెయ్యమంటావు?

అద్దం రేపు బిగిస్తారు. కాపలావాడు అన్నానికి వెళ్లాడు. వాడొచ్చేలోగా ఒక్కసారి ఈ గుంటలో చెయ్యి పెట్టుకుంటాను. మీ రాజుగారిని కాస్త పక్కకి జరగమను.