పన్నెండో మెయిల్

హలో… ఆ, నేనే, స్వీటీని. సామ్యూలన్నా, పది సార్లు ఫోన్ చేసిన, ఎత్తవేంది?…

డ్యూటీల ఉంటవ్, తెలుసు. జర విను. ఛత్రినాక ఇంట్ల నా కంప్యూటర్ ఉన్నది గదా… ఆ, ట్యూషన్ పిల్లలకు చూపిచ్చేది. ఎవరన్న పాస్‌వర్డ్ కొడితే, తప్పైనా ఒప్పైనా, దానంతటదే నాకు మెయిల్ పంపుతది. నేనే గట్ల పెట్టిన. పొద్దున్నుంచి తప్పు కొట్టినయ్ పదకొండు వచ్చినయ్…

ఇంకెవరు? ఆ ఇంట్ల నా మొగుడు కృపాకర్ ఒక్కడే గదా ఉన్నది.

ఫికర్ చెయ్యొద్దా? అన్నా, ఇందాక పన్నెండోది వచ్చింది. తప్పు కొట్టినట్టు గాదు. లోపలికి పోయినట్టు! నా మెయిలంతా అండ్లనే ఉన్నది. వానికి దొరకకుండ నేను దాక్కున్న ఈ దబీర్‌పురా రూమ్ కిరాయి కాగితం, అడ్రస్‌తోని సహా…

బ్యాగు సదురుకుంటున్న. నీ ఇంటికే వద్దామని—

ఏంది? తప్పైందంటవేంది?…

అన్నా. ఆ పాస్‌వర్డ్ నాకు, నీకు తప్ప ఎవ్వరికీ తెల్వదు.

…నువ్వే చెప్పినవా? వాడు నీ దగ్గరికొచ్చి ఏడ్చిండా? ఆఫీసు కాగితాలు తీస్కుంట అన్నడా?… మారిండని నీకెట్ల తెలుసు? తలుపు సందుల నా చెయ్యి పెట్టి తలుపేసిండు! రెండు వేళ్లు ఇంకా వంగుతలేవ్. దవాఖానకు తీస్కపోయింది నువ్వే గదా!

ఆగు.

…కింద బండి ఆగింది. వాడే.

అమీనా ఖాలా, మా ఓనరమ్మ, గేటుకాడ అడ్డం నిలవడ్డది… 'ఇదర్ కోయీ నై', ఇక్కడ ఎవ్వరు లేరు అంటున్నది… అయ్యో! నెట్టేసిండు! మెట్ల మీద పడ్డది, తలకెల్లి రక్తం—

పెట్టను. ఫోన్ పెట్టను. తలుపు తన్నుతుండు, వినవడుతుందా? విను, నీ మారిన మనిషిని విను!

గొళ్లెం ఊడుతున్నది… నా చేతిల ఇనుప పెనం ఉన్నది…

రా, కృపాకర్! రా—

…

…అన్నా. ఉన్నవా?

బతికే ఉన్న. గొంతు పట్టిండు. మొఖం మీద కొట్టిన. ఒక్కసారి గాదు… నాలుగు సార్లు. ఇడిచిపెట్టిండు. అయినా ఇంకోటి కొట్టిన.

…లేదు, సావలే. మూల్గుతుండు. నోట్లకెల్లి రక్తం కారుతున్నది. ఖాలా పైకొచ్చి చున్నీతోని వాని చేతులు కడుతున్నది.

ఏడ్వకు. గల్లీలోళ్లు పోలీసులకు ఫోన్ చేసిండ్రు…

నువ్వా?… వద్దు. రాకు.

నువ్వు నా అన్నవే, కాదంటలేను. కానీ ఇయ్యాల నీ మొఖం చూస్తే, పెనం మల్ల చేతిల పట్టుకుంటనేమో.

ఉంట. ఖాలా తలకు కట్టు కట్టాలె.