మా బియ్యం ఎవలెత్కపోయిన్రు?

హుస్నాబాద్ దగ్గరి ఒక ఊళ్లో రేషన్ దుకాణం. మే నెల. డీలర్ సదానందం ముందు వినోద, ఆమె అత్త లస్మవ్వ నిలబడి ఉన్నారు.

"మళ్ల పెడుత మామా. ఏలు తుడుసుకున్న."

"నీ ఏలు మంచిగనే పడ్డది వినోదా. బియ్యమే లేవంటుంది మిషిన్. ఈ నెలవి తీస్కున్నరంట."

"ఎవలు తీస్కున్నరు? ఇప్పుడే గద సంచి పట్టుకోని వస్తి!"

"పా బిడ్డా, పోదాం. పక్కింటి ఎల్లక్కను రెండు గిలాసల బియ్యం బదులడుగుత."

"ఎల్లక్క దగ్గర మొన్ననే తెచ్చినం గదత్తా. మళ్ల ఏ మొకంతోని పోతవ్? మామా, నలుగురి బియ్యం. ఇరవై నాలుగు కిలోలు. ఎటు పోయినయ్? మిల్లోనికి అమ్ముకున్నవా?"

"నోరు జర సంబాళించుకో. మీ ఏలు లేకుంట నేనెట్ల అమ్ముత?"

"ఏళ్లు కావాలె మీకు. కడుపులు మాత్రం వద్దు! బడి బందైనకాడికెల్లి నా భూమికకు పగటి బువ్వ గూడ బందైంది. రాత్రి గంజి తాగి పండింది. పొద్దుగాల లేవబోయి గోడ పట్టుకున్నది పోరి."

"నాకు తెల్వదు బిడ్డా..."

"గా గంజి గూడ పక్కింటోళ్లది."

"తమ్మీ సదానందం, పోనియ్యి. వచ్చే నెల తీస్కుంటం. పా వినోదా, ఎండెక్కుతుంది."

"నీకెందుకత్తా గింత తొందర? రానని ఇంటికాణ్నే మొండికేస్తివి. మన తిండి మనం అడుగనీకి సిగ్గేంది? నేనీణ్నే కూసుంట. ఎమ్మార్వోను రమ్మను. పేపరోళ్లను రమ్మను."

"లొల్లెందుకే! మా ఇంట్లకెల్లి రెండు కిలోలిస్త, తీస్కపో."

"భిక్షం వద్దు. మా బియ్యం ఎవలెత్కపోయిన్రో చెప్పు. మిషిన్ల ఉంటది గద?"

"ఉంటది."

"మరి చెప్పు."

"ఇప్పుడొద్దు బిడ్డా. మీ అత్త ముంగట..."

"మా అత్త ముంగటేంది? చెప్పు!"

"గిప్పుడు కార్డున్నోళ్లు ఏ ఊళ్లెనన్న తీస్కోవచ్చు. మీవి రెండు తారీఖునాడు సుల్తానాబాద్ల తీస్కున్నరు."

"సుల్తానాబాద్లనా? ఆడ మాకెవలున్నరు?"

"ఏలు నరేశ్‌ది."

"ఏ నరేశ్?"

"నీ పెనిమిటి."

"ఏం మాట్లాడుతున్నవ్ మామా! ఆయన మస్కట్ల ఉన్నడు. ఆర్నెల్ల సంది ఫోన్ లేదు, పైసల్లేవు. ఉన్నడో లేడో అని కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టిన నేను. మస్కట్ల ఉన్నోని ఏలు సుల్తానాబాద్ల ఎట్ల పడ్తది? నీ మిషిన్ ఖరాబైంది. అత్తా, నువ్వన్న చెప్పు. చెప్పత్తా! గట్ల నేల సూస్తవేంది?"

"లస్మక్కా, ఇగ దాసుకోని ఏం లాభం?"

"ఏజెంటు ముంచిండు బిడ్డా వాణ్ని. వచ్చి రెండు నెలలాయె."

"రెండు నెలలా? నీకెరుకేనా?"

"నీకు మొకం సూపెట్టలేనన్నడు. మిల్లుల ముంగట కూలికి కూసుంటుండంట, ఎవలు పిలుస్తలేరంట. మూడు దినాల సంది తినలేదని ఫోన్ల ఏడ్సిండు."

"నా బిడ్డ గోడ పట్టుకున్నదత్తా! గీ ముచ్చట గాయినకు తెల్వదా? పెండ్లాం పిల్ల ఏం తింటరని ఒక్కమాట అడుగలేదా?"

"అడిగిండు బిడ్డా. ఇంట్ల బియ్యం మస్తున్నయి, అన్ని నువ్వే తీస్కో కొడుకా అని నేనే చెప్పిన."