మచ్చ మీద టేకు డిజైను

టెక్కలి బస్టాండు ఎదుట రేడియం స్టిక్కర్ల షాపు. తిత్లీ తుపాను వెళ్లిపోయిన నెలలో ఒక ఉదయం.

"టేకు డిజైనే ఏయించుకోండి నాగబాబు సారూ. నల్లదేస్తే దుమ్ము ఊరికే అగుపడిపోతాది."

"ఏదైనా పరవాలేదు యుగంధర్. మచ్చ కనబడకూడదు, అంతే."

"డాష్‌బోర్డంతా ఏసీమంటారా, ఆ ఒక్క సెక్కకేనా?"

"అంతా వెయ్యి. ఒక్కదానికే వేస్తే ఇక్కడేదో దాచారని తెలిసిపోతుంది."

"ఎవులికి తెలిసిపోతాది?"

"ఎవరికైనా."

"ఎవరికైనా అంటే, మేడమ్ గారికా?"

"అరుణకి తెలుసు. మా మావకి తెలియకూడదు. రేపు ఆయన్ని శ్రీకాకుళం కంటాసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటిసారి నా కారెక్కుతానన్నాడు."

"మీ మావంటే భావనపాడు ఎర్రన్న గారేనా? తుపాన్లోంచి పడవేసుకుని బతికొచ్చినాడు, ఆయనేనా?"

"ఆయనే."

"ఓర్నాయనో! గంగమ్మ తల్లి అలలు రెండు పక్కలకీ తోసీసి దారిచ్చిందంట కదా. మా ఆవిడ రోజూ సెప్తాది."

"ఆయనా రోజూ చెప్తాడు."

"మరి ఇన్నాళ్లూ మీ కారెందుకెక్కలేదు సారూ?"

"కారు కొన్న రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. తీసేశాను."

"తీసీసి?"

"షర్బత్తు చేసుకున్నాను."

"నాలుగూనా?"

"ఆయనకీ ఒక గ్లాసిచ్చాను. తాగలేదు."

"తాగడు కదేటి సారూ! అవునులెండి, మీరు సైన్సు మేష్టారు. దెయ్యాల్లేవని శ్మశానంలో పిల్లలకి ఉప్మా పెట్టించినారు కదా. మా తమ్ముడి కొడుకు తిన్నాడు. బాగుందన్నాడు."

"పని కానివ్వు యుగంధర్."

"అవుతన్నాది. ఇదిగో, సెక్క ఊడిపోనాది. బాబో, బాగా కాలింది సారూ! గుంట పడిపోనాది. గుంట మీద స్టిక్కరేస్తే గుంట అలాగే అగుపడతాది. ముందు లప్పం పెట్టి, గీకి, అప్పుడెయ్యాల. ఏటి కాల్చినారు?"

"సిగరెట్టు."

"సిగరెట్టు మచ్చ గోరంతుంటాది. ఇది రొట్టంతున్నాది."

"సిగరెట్టు కాదు. ఛార్జరు షార్టయింది."

"ఛార్జరు కిందుంటాది కదా."

"ఎండ యుగంధర్. నీళ్ల సీసా పెట్టి మరిచిపోయాను. సీసా లెన్సులా పనిచేసింది. ఎండంతా ఒక్కచోటికి వచ్చింది."

"ఎప్పుడు?"

"తుపానప్పుడు."

"తుపానప్పుడు ఎండా?"

"నువ్వు లప్పం పెట్టు."

"పెడతాను, ముందు స్పిరిట్టుతో తుడవాల కదా. సారూ, ఈ సందులో ఏటో ఉన్నాది. కొబ్బరి పీసు."

"సీటు పరుపులోది."

"ఇది ఎర్రగున్నాదేటి?"

"చాక్‌పీసు. ఎర్ర చాక్‌పీసు పొడి."

"నుదుట పెట్టుకునీదానిలాగున్నాదండి."

"తుడిచెయ్యి."

"ఒరే అల్లుడూ! ఇది నీ కారేనేటి?"

"మావా! నువ్విక్కడేటి?"

"వలకి దారం కొందామని వచ్చినాను. బస్సు దిగి సూస్తే నీ కారు. పేగులన్నీ బైటెట్టీసినారేటి దీనివి?"

"స్టిక్కరింగు ఎర్రన్న బాబాయ్. లోపలంతా టేకు సెక్కలాగ అయిపోద్ది. కూకోండి, ఇక్కడ కూకోండి."

"మావా, నువ్వు దారం కొనుక్కుని రా, నేనే ఇంటి కాడ దింపుతాను."

"కొందాంలే. ఆ సెక్కేటి బాబూ నీ సేతిలోది? ఇలాగ ఇయ్యి."

"అది ఇవ్వకు యుగంధర్."

"ఇచ్చీసినాను సారూ."

"ఏటిరా ఇది? కాలినట్టున్నాది."

"సిగరెట్టు మావా."

"ఛార్జరన్నారు సారూ. తరవాత నీళ్ల సీసా అన్నారు."

"నువ్వుండు యుగంధర్!"

"కర్పూరం కదేటిది? నాకు కళ్లు సరిగ్గా అగుపడవు గానీ ముక్కు పని సేస్తాదిరా. కర్పూరం కాలిన మచ్చ నాకు తెలీదా? మా పడవ ముక్కు మీద ఇలాటివెన్నున్నాయో. ఒరే, ఇది నీ కారు. నువ్వే ఎలిగించినావు!"

"మెల్లగా మావా, బజారు."

"బజారంతా యినాల! నా నిమ్మకాయలు పిండుకుని తాగినోడు కర్పూరం ఎలిగించినాడర్రా! బాబూ, స్టిక్కరొద్దు, గిక్కరొద్దు. ఇలాగే వదిలీ. మీ యత్తకి సూపిస్తాను అల్లుడూ. ఊరంతటికీ సూపిస్తాను. మీ హెడ్మాష్టరికీ సూపిస్తాను."

"మావా, నీ కాళ్లట్టుకుంటాను. బడిలో పిల్లల ముందు నేను తలెత్తుకోలేను."

"పట్టుకో. ముందు ఎడం కాలు పట్టుకో."

"సారూ, లప్పం ఎండిపోతన్నాది. ఏసీదా, మానీదా?"

"బాబూ, నువ్వెళ్లి మూడు టీలు సెప్పి రా. మా ఇంటి మాటలున్నాయి."

"ఇక్కడికే తెప్పిస్తాను బాబాయ్, ఫోను సేస్తే..."

"నువ్వే ఎల్లి తే."

"సరే, సరే. ఎల్తన్నాను."

"ఆఁ. ఇప్పుడు సెప్పు. ఎప్పుడెలిగించినావు?"

"తుపాను ముందు సాయంత్రం."

"ఎక్కడ?"

"మనూరి ఒడ్డునే. అందరి పడవలూ వచ్చేసినాయి, నీదొక్కటే రాలేదు. అరుణ ఇసకలో కూకుండిపోయింది. అత్త కొబ్బరికాయ నా సేతిలో పెట్టి కొట్టమంది. అత్త అటు ఎల్లినాక, ఎవరూ సూడకుండా కొట్టినాను."

"నువ్వు?"

"కొట్టినాను మావా. కర్పూరం ఎలిగిస్తే గాలికి నిలబడలేదు. అగ్గిపెట్టంతా అయిపోవొచ్చింది. అప్పుడు కారులోకొచ్చి, తలుపులేసుకుని, కొబ్బరి సిప్ప సముద్రం వేపు పెట్టి ఎలిగించినాను. సిప్ప ఒరిగిపోయి ప్లాస్టిక్కు మీద పడిపోయింది. నేను సూడలేదు."

"ఎందుకు సూడలేదు?"

"కళ్లు మూసుకున్నాను."

"గంగమ్మని తల్సుకున్నావా?"

"లేదు. ఏ దేవత పేరూ నోట్లోకి రాలేదు. 'మావా వచ్చీయ్, మావా వచ్చీయ్' అన్నాను. అంతే. ఆ నిమ్మకాయలు అలాగే తొక్కించవలసింది, ముసిలోడి మాట ఒక్కటి యింటే ఏటి పోయీది అనుకున్నాను. భయమేసింది మావా. నీకు ఏదైనా అయితే నేను అరుణ మొగం సూడలేననుకున్నాను. ఇప్పుడు ఊరంతా సెప్పుకో. నీ ఇష్టం."

"ఊరుకోరా. ఏడవకు. బజారన్నావు నువ్వే."

"ఏడవలేదు. లప్పం వాసన."

"అల్లుడూ."

"ఏటి?"

"ఆ సాయంత్రం నాను సముద్రంలో లేను."

"ఏటీ?"

"మెల్లగా. ఆ ముందు రోజే గాలి తేడాగుంటే బారువ కాడ పడవ ఒడ్డుకి లాగీసినాం. నానూ, నా పడవలో పన్జేసే గంగులూనూ. అక్కడ మా అక్క కూర్మమ్మ ఉన్నాది కదా."

"మరి అలలు? తాటిచెట్టంత అలలన్నావు!"

"తాటిచెట్టంత అలలే. కిటికీలోంచి సూసినాను."

"ఒక ఫోను సెయ్యలేకపోయినావా మావా?"

"సార్జింగు లేదు. ఆ తరవాత కరెంటు లేదు, టవర్లు లేవు. తుపాను తగ్గినాక వచ్చినాను. వచ్చీసరికి మీ యత్త పరిగెట్టుకొచ్చి కాళ్ల మీద పడిపోనాది. ఊరంతా 'అమ్మోరు కాపాడింది, అమ్మోరు కాపాడింది' అని డప్పులు కొట్టీసినారు. నాకు పూలదండేసీసినారు. అంత గోలలో కోడికూర తిని తొంగున్నానని ఎలాగ సెప్పీదిరా?"

"కోడికూరా?"

"నాటుకోడి. మా అక్క బాగా వండుతాది. నువ్వు కళ్లు మూసుకున్న యేళకి నాను కోడికాలు నముల్తుండుంటాను. ఇప్పటిదాకా ఏటీ అనిపించలేదు. ఇప్పుడు సిగ్గేస్తన్నాది."

"అమ్మోరు రెండు పక్కలకీ అలలు తోసిందని సెప్పినావు కదా!"

"ఒక పక్కకే అన్నాను. రెండో పక్క జనాలు కలిపీసినారు. గంగులు సేత ఒట్టేయించుకున్నాను, ఆడు సెప్పడు. నువ్వు? రేపు బడిలో పిల్లలకి పాఠం సెప్పీస్తావేటి? సెప్పుకో. నీకు కావలసింది ఇదే కదా. దేవుడూ లేడు గీవుడూ లేడు, మా మావ కోడికూర తిన్నాడని బోర్డు మీద రాయి."

"రాయను మావా."

"ఎందుకు రాయవు?"

"రాస్తే అత్త నీకు జన్మలో కూడు పెట్టదు. మరి నువ్వు? ఊరంతా సెప్తానన్నావు."

"ఏటి సెప్పాల? నువ్వు కర్పూరమెలిగించినావు, నాను కాలు నమిలినాను అనా?"

"రేపు కారెక్కుతావా?"

"ఎక్కుతాను. ముందు సీటులోనే కూకుంటాను."

"టీలు వచ్చినాయి! బాబాయ్, మీకు పంచదార తగ్గించి తెచ్చినాను. ఏటి సారూ, కళ్లు ఎర్రగున్నాయేటి ఇద్దరికీనూ? లప్పం ఘాటు అలాగే ఉంటాది. మరి ఏటి సేసీమంటారు, సెక్క అలాగే వదిలీదా, స్టిక్కరెయ్యాలా?"

"ఎయ్యి బాబూ. లప్పం బాగా దట్టించి ఎయ్యి."

"ఇందాక వద్దన్నారు, ఊరంతా సూడాలన్నారు!"

"అన్నాను. ఇప్పుడు ఒక పొర సాలదు. రెండు పొరలెయ్యి."