వెండి కడెం

జాతర కుస్తీలో తాలూక్దారు తొడిగిన వెండి కడెం కొడుకు చేతికి మెరుస్తోంది. చీలిన అతని చెవికి తల్లి పసుపు అద్దుతోంది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

“ఏడేండ్ల సంది కొబ్బరికాయలకే కుస్తీలు పడితివి. ఇయ్యాలకు కడెం దక్కె.”

“మెల్లగనే అమ్మా, మండుతాంది.”

“నీతోని కుస్తీ పట్టిన గా పిలగాని చెయ్యెట్లున్నది?”

“ఇరిగింది. బొక్క తోలు చీల్చుకొని బయటికొచ్చింది.”

“ఓడిన్నని మొత్తుకోలేదా వాడు?”

“మూడుసార్లు మొత్తుకున్నడు.”

“ఇనుకుంటనే ఇరిసినవా? వానికి తల్లి లేదారా?”

“వదిలేద్దామనే పట్టు సడలించిన. గప్పుడే ‘వదలకు కొడుకా, ఇరువు!’ అని మందిల నుంచి ఒక ఆడమనిషి ఒర్లింది.”

తల్లి చెయ్యి ఆగింది.

“జాతర కాడ ఎందరో ఒర్లుతరు.”

“మరి నీ గొంతెందుకు పోయిందే అమ్మా?”