మాట్లాడని వాళ్ల మాట

అధ్యక్షులవారికీ, ముఖ్య అతిథిగారికీ, తోటి ఉపాధ్యాయులకూ, పిల్లల తల్లిదండ్రులకూ నమస్కారం. నోట మాట రాని పిల్లలకు ఈ బడి ఏం నేర్పిందో ఇందాకటి నుంచి పెద్దలందరూ చెప్పారు. వాళ్ల దగ్గర మనమేం నేర్చుకున్నామో చెప్పడానికి మాత్రం ఎవరికీ వీలు చిక్కలేదు. (నవ్వులు) నవ్వండి, ఇవాళ రిటైరవుతున్నాను, రేపటి నుంచి నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చేవాళ్లు లేరు.

ఇక్కడ ఆటిజం ఉన్న ఒక అమ్మాయి చదివేది. నోటితో మాట్లాడదు. ట్యాబ్లెట్ మీద బొమ్మలు నొక్కితే అది పైకి పలికేది. "నీళ్లు", "చప్పుడు ఎక్కువ", "వద్దు" అని చక్కగా చెప్పేది. పాపం మనసులో మాట చెప్పుకోలేదే అని సదస్సుల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లకే, ఆ "వద్దు" వినేసరికి ఒళ్లు మండింది. ఈ బడికి అప్పటి సలహాదారుగారు, ముందు వరుసలోనే ఉన్నారు, శాలువా బాగా నప్పిందండీ, ఆ యంత్రం ఉంటే పిల్లకు నోరు తెరవడానికి బద్ధకమని తేల్చి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయించారు. కళ్లజోడు పెట్టుకుంటే కళ్లకు బద్ధకం వస్తుందా అని అడిగాను. నాకు సిద్ధాంతం తెలియదన్నారు. నిజమే, ఆయనకు సిద్ధాంతం తెలుసు, పిల్ల తెలియదు.

కొద్దిరోజులకే అమ్మాయి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా చెయ్యి పట్టుకుని బీరువా దగ్గరికి లాక్కెళ్లి, తాళం మీద వేలు పెట్టేది. అంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలండీ? దానికి మొండితనమని పేరు పెట్టి, మీటింగు పెట్టి, టీలు తాగి, చేతులకు మందపాటి తొడుగులు వేయాలని తీర్మానించారు. నేను వద్దంటే, అది ఆడవాళ్ల మెత్తదనమట.

తొడుగులు చూసి తల్లి వచ్చింది. గొంతు పెంచలేదు. "మా అమ్మాయి నోరు మీ బీరువాలో ఉంది. తీసివ్వండి" అంది. తాళంచెవి సలహాదారుగారి జేబులో ఉందని, ఆయన భోజనానికి వెళ్లారని చెప్పారు. ఆవిడ బీరువాకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన వచ్చి తాళం తీసేదాకా కదల్లేదు.

ట్యాబ్లెట్ చేతికి రాగానే అమ్మాయి నొక్కింది: "పన్ను. నొప్పి. చెప్పాను."

చిగురు కింద చీము పట్టింది. పన్ను తీయించాక చెంప జోలికి పోలేదు. తమ పద్ధతి వల్లే ప్రవర్తన మెరుగుపడిందని సలహాదారుగారు నివేదిక పంపారు. ఆ పద్ధతిని మామూలుగా పళ్ల డాక్టరు అంటారు. (నవ్వులు)

కొత్తగా వచ్చిన టీచర్లకు ఒక్క మాట. చెయ్యి లాగినా, మొహం తిప్పుకున్నా, తెర మీద నొక్కినా అది మాటే. అడిగాక కాస్త ఆగండి. "వద్దు" అనే బొమ్మను మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పెద్దదై, అదిగో, తల్లి పక్కన కూర్చుంది. వక్తల్లో చేర్చమంటే, మాట్లాడలేదు కదా అన్నారట ఈ సభ పెట్టినవాళ్లు. అందుకే నాకు మిగిలిన సమయం ఆమెకిస్తున్నాను. ఒక్కో అక్షరం టైపు చేస్తుంది, ఆలస్యమవుతుంది. ముఖ్య అతిథిగారూ, దయచేసి గడియారం చూడకండి. మధ్యలో ఎవరూ ఆమె వాక్యం పూర్తి చేయకండి. ఓపిక పట్టడం ఆమెకు అలవాటే, మనకే కొత్త.

తల్లీకూతుళ్లిద్దరికీ నా కృతజ్ఞతలు. మైకు అటు పంపండి. నాకిక సెలవు.