ఎడమ చేతి ఎముక

మ్సింగా కొండల కింద ఒక ఆసుపత్రి. ఎముకల డాక్టరు జాబులీలే ఎదుట తండ్రి మబాసో, కొడుకు బెకుయీసే కూర్చున్నారు. గోడమీద కొడుకు ఎడమ ముంజేతి ఎక్స్‌రే.

“...కాలు జారి పడితే ప్లేటు ఇలా వంగదు పెద్దాయనా. ఇది రెండోసారి వేసిన ప్లేటు. ఇదీ వంగింది. మరలు ఊడొచ్చాయి. ఎక్కడ పడ్డాడు?”

“వాగులో. రాళ్లమీద. చెప్పరా బెకూ.”

“వాగులోనే డాక్టరమ్మా.”

“పోయినసారి దొడ్డి దగ్గరన్నావు.”

“అది పోయినసారి.”

“ఇటు చూడు. ఇదో ముక్క, ఇదో ముక్క. మధ్యలో వేలు పడుతుంది. ఏడాదైనా ఎందుకు అతకలేదో నాకు తెలియాలి. సిగరెట్లు తాగుతావా?”

“మా ఇంటావంటా లేదు డాక్టరమ్మా. మా పెద్దోడు వుసీ అయితే పొగ కంపు...”

“అతన్ని చెప్పనివ్వండి. వేళ్లు చూపించు బెకూ. ఈ పసుపేంటి?”

“తాగుతాను.”

“ఎప్పట్నుంచిరా? నాకు తెలీకుండా?”

“ఆపరేషనైన దగ్గర్నుంచి.”

“నొప్పికి తాగుంటాడు డాక్టరమ్మా, కుర్రాడు.”

“షుగర్ లేదు. రక్తంలో ఏ లోపమూ లేదు. మరి కుట్ల దగ్గర చీము ఎందుకు పట్టింది?”

“తడిసింది.”

“తడపొద్దన్నానా లేదా?”

“అన్నారు. గుర్తుంది.”

“బరువులు?”

“నీళ్ల డబ్బాలు మోశాను.”

“ఈ చేత్తోనా?”

“ఈ చేత్తోనే.”

“కుడి చెయ్యికేం రోగం?”

“ఇవన్నీ ఎందుకు తల్లీ. సన్నపాటి రేకేస్తే వంగక చస్తుందా? ఈసారి లావుది వెయ్యి. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా. డాలు అక్కర్లేకుండా పోవాలి.”

“డాలేంటి?”

“మన కొండల బిడ్డవేగా నువ్వు, తెలీనట్టు అడుగుతావేం? ఎడమ చేత్తో కాసుకోకుంటే కుడి చేత్తో ఏం కొడతాడు?”

“ఇది కర్రసాము దెబ్బా? మొదట వచ్చినప్పుడు గొడ్డు తన్నిందన్నారు!”

“గొడ్డే. లాంగా వాళ్లింటి గొడ్డు. పేరు ముజీ.”

“నాన్నా, వద్దు.”

“ఎందుకొద్దు? డాక్టరమ్మా, ఆ ముజీ నా పెద్దకొడుకుని చంపాడు. పెళ్లిలో రెండు వైపుల కుర్రాళ్లు సరదాకి కర్రసాము ఆడతారుగా, అక్కడ, అందరూ చప్పట్లు కొడుతుండగా. నెత్తిన ఒక్కటే దెబ్బ. పుర్రె పగిలి చెవిలోంచి కారింది. పెళ్లి బరిలో పగలుండవంటారు పెద్దలు. పగిలింది నా కొడుకు తల! తర్వాతి పెళ్లికి వాడి మీదికి వీణ్ణి దింపా. వీడేమో చెయ్యి విరగ్గొట్టించుకొచ్చాడు.”

“మళ్లీ దింపుతారా?”

“వానలు పడ్డాక లాంగా వాళ్లింట్లోనే పెళ్లి. చెయ్యి అతికితే దిగుతాడు. ఇనుముందని నేనే రోజూ పొద్దున కర్రతో ఆ చేతిమీద నాలుగు తడుతున్నా, ఎముక గట్టిపడాలని.”

“ఏంటి? కుట్లమీదా?”

“మెల్లిగానే తల్లీ. కుండ చేసేటోడు తట్టడా?”

“మీరే విరగ్గొడుతున్నారు పెద్దాయనా! లేవండి. బయట కూర్చోండి.”

“నా కొడుకు దగ్గర నేనుంటే...”

“లేవండన్నానా! తలుపు వేసి వెళ్లండి.”

“వెళ్తా, వెళ్తా. అరవకు. బెకూ, మోంద్లీ దగ్గరుంటా.”

“ఈసారి తమ్ముణ్ణెందుకు తెచ్చావు నాన్నా?”

“ఆసుపత్రి చూస్తాడని.”

“...వెళ్లాడు. చూడు బెకూ, పోలీసులకి నేను చెబుతాను. కుట్లమీద కర్రతో కొట్టే తండ్రి దగ్గరికి నిన్ను పంపను.”

“నాన్న ఎముకని విరగ్గొట్టలేదు డాక్టరమ్మా. ఆయన దెబ్బలకి ఈగ కూడా లేవదు.”

“మరెవరు?”

“మొదటిసారి ఇంటికి పంపుతూ మీరు చెప్పారు. పొగ తాగితే అతకదు, తడిస్తే చీము పడుతుంది, బరువెత్తితే మరలు కదుల్తాయి అని.”

“చెప్పాను. అందరికీ చెబుతాను.”

“ఒక్కటీ వదల్లేదు, అన్నీ చేశాను. మొండి ఎముక, అయినా అతకబోయింది. లోపల దురద పుట్టింది. మంచిదే, అతుకుతోందని నర్సమ్మ అంది. ఆ రోజే దొడ్డి గుంజకేసి కొట్టాను.”

“నువ్వా?”

“నోట్లో తోలు ముక్క పెట్టుకుని. మొదటి దెబ్బకి వంగలేదు. మంచి ఇనుమే వేశారు.”

“పిచ్చెక్కిందా నీకు?”

“ఆ రోజు బరిలో నా డాలు జారింది. తలకి అడ్డేం లేదు. ముజీ కర్ర అప్పటికే పైకి లేచుంది. వాడు నా తల చూశాడు, వాడు చూడటం నేను చూశాను. కర్ర తిప్పి చేతిమీద వేశాడు. టప్‌మంది. మా నాన్నా చూశాడు. గురి తప్పిందన్నాడు.”

“తప్పలేదన్నమాట.”

“గెలిచినోడు ఓడినోడి గాయం కడగాలి కదా. ముజీ నీళ్లు తెచ్చి కడిగాడు. కడుగుతూ, మీ అన్నకీ నేనే కడిగాను, నీళ్లు చాల్లేదు అన్నాడు. ఏడుస్తున్నాడు డాక్టరమ్మా, అంత మనిషి.”

“అలాంటివాడు నిన్నింకోసారి కూడా వదిలేస్తాడుగా.”

“వదుల్తాడు. నేనే వదల్లేను. చేతిలో కర్ర, గట్టుమీద మా నాన్న, అమ్మలక్కల కేకలు. నా కుడి చెయ్యి నా మాట వినదు. వాడు తల చూపిస్తే కొట్టేస్తాను.”

“దిగనని చెప్పు మీ నాన్నకి.”

“అన్న సమాధి రోజూ కళ్లముందే ఉంటుంది. ఏ నోటితో చెప్పను? కానీ విరిగిన చేత్తో ఎవర్నీ బరిలోకి రానివ్వరు. మా నాన్న కూడా రమ్మనడు. అది మర్యాద.”

“నీకర్థమవుతోందా? చీము ఎముకలోకి దిగుతోంది. ఇంకోసారి గుంజకేసి కొడితే మోచేతి కింద కోసెయ్యాలి.”

“కొయ్యండి.”

“నోర్ముయ్. చీము కడిగి, నీ తుంటి ఎముకలోంచి కాస్త తీసి ఆ సందులో పెడతాను. అతుకుతుంది. నువ్వు అతకనిస్తే.”

“అతకదని చెప్పండి మా నాన్నకి. ఒక్క మాట.”

“అబద్ధమాడమంటావా?”

“నిజమయ్యేలా నేను చూసుకుంటాగా.”

“నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు. చెయ్యి కడిగి కుట్టేస్తాను, ఆ తర్వాత దాని జోలికి పోనని నాకు మాటివ్వు.”

“మీరు మా నాన్నకి ఆ మాట చెప్పండి. మాటిస్తాను.”

“...పెద్దాయనా! లోపలికి రండి.”

“ఆ, వచ్చా. అతుకుతుందా తల్లీ?”

“అతకదు.”

“లావు ఇనుమేసినా?”

“ఏ ఇనుమేసినా. ఈ చెయ్యి ఇంక కర్రని ఆపదు.”

“వానలకి పెళ్లి...”

“ఏ పెళ్లికీ దిగడు. ఇక దాని గురించి మర్చిపోండి.”

“...సరే. సంగతి తేల్చుకుందామనే వచ్చా. లేవరా బెకూ, చొక్కా వేసుకో. నీ తప్పేం లేదు. ఒరే మోంద్లీ! ఇట్రా. డాక్టరమ్మా, వీడు మా చిన్నోడు. పోయిన నెలే పదిహేను నిండాయి. చెయ్యి చూపించరా డాక్టరమ్మకి. ఎడమది.”

“ఈ పిల్లాడికేమైంది?”

“ఏం కాలేదు. ఎముక చక్కగా ఉంది, పట్టుకు చూడు. అందుకే అడుగుతున్నా. విరక్కముందే ఇనుము వేస్తారా?”

“ఏంటి మీరనేది?”

“నాన్నా, వాడికి కర్ర పట్టుకోవడమే రాదు.”

“వస్తుంది. వానలదాకా టైముంది.”

“ముజీ ముందు వాడెంతసేపు నిలబడతాడు నాన్నా?”

“ఎంతసేపో అంతసేపు. మా ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పు?”

“...డాక్టరమ్మా.”

“చెప్పు బెకూ.”

“ఆ తుంటి ఎముక సంగతి మా నాన్నకి చెప్పండి. నా చెయ్యి అతికించండి.”