క్రొయేషియాల కూసొని పత్తికి నీళ్లు

ఇచ్చోడ బస్టాండు ముందట భూమవ్వ హోటల్ల కూసొని అంతయ్య చాయ్ గ్లాసు పట్టుకున్నడు గని తాగుతలేడు. పక్కన బిడ్డె నవనీత. కాళ్ల దగ్గర ఆమె బ్యాగు. హైదరాబాద్ బస్సు వస్తే ఎక్కి పోవాలె, రేపు పొద్దున వీసా ఆఫీసుల కాయితాలు ఇయ్యాలె.

నవనీత బెంగళూరు కంపెనీకి ఇంట్ల కూసొనే కంప్యూటర్ పని చేస్తది. మాకు పనైతే చాలు, నువ్వు యాడ కూసొని చేసినా ఫికర్ లేదన్నరు కంపెనీవాళ్లు. గిట్ల దూరంకెళ్లి పని చేసుకునేటోళ్లకు కొన్నాళ్లు ఉండనీకె క్రొయేషియా దేశం పర్మిట్ ఇస్తదని ఆమెకు తెలిసింది. గప్పటిసంది ఇంట్ల ఇద్దరికీ నిద్ర లేదు. బిడ్డెకు సంబురంతోని, తండ్రికి బుగులుతోని.

అంతయ్య దుబాయిల చేసి వచ్చినోడు. దిగిన పొద్దే పని ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు గుంజుకొని బీరువల పెట్టుకున్నడు. తమ్ముని పెండ్లికి పోయొస్తనంటే ఇయ్యలే. కాలిరిగి మంచంల పడ్డా ఇయ్యలే. పరాయి దేశం అన్న మాట వింటే అంతయ్యకు ఇప్పటికీ గా బీరువ తాళం సప్పుడే వినవస్తది. బస్సొచ్చే లోపట బిడ్డెకు "వద్దు" అని చెప్పాలెననే ఆయన ఇంతదూరం వచ్చిండు. మాట నాలిక మీదనే ఉన్నది, బయటికి వస్తలేదు.

గంతల దశరథం వచ్చిండు. ఇచ్చోడ చుట్టుముట్టు అందరూ పత్తి పండిచ్చేటోళ్లే గని, కోతలల్ల దశరథం దిగుబడి ఇంకెవరికీ రాదు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా, బ్యాగు పట్టుకొని?"

"క్రొయేషియా పర్మిట్ కోసం మామా. హైదరాబాద్‌ల కాయితాలియ్యాలె."

"ఓస్, గదా! నాకియ్యలేదా?"

పక్క టైర్ల దుకాణం అబ్రహాం పని ఇడిచిపెట్టి వచ్చి బెంచీ మీద కూసున్నడు. "నీకెప్పుడిచ్చిర్రు దశరథన్నా?"

"నిరుడు దసరా దాటినంక. ఊకె చూసొద్దామని పోయిన. హైదరాబాద్ ఆఫీసుల కండ్లద్దాల మేడం కూసున్నది. ఏం పని చేస్తవన్నది. పత్తి చేస్తనన్న. 'ఇది దూరంకెళ్లి పని చేసేటోళ్ల పర్మిటయ్యా, పత్తి గక్కడ కూసొని ఎట్ల చేస్తవ్?' అన్నది. సెల్లు తీసిన. నా బోరు మోటరుకు సెల్లు స్టార్టర్ ఉన్నది గద, ఒక్క ఫోన్ కొడితే నడుస్తది..."

"అది నిజమే, నేను చూసిన" అన్నడు అబ్రహాం.

"నిజం కాకపోతే నేనెందుకు చెప్త? ఫోన్ కొట్టి సెల్లు ఆమె చెవుకు పెట్టిన. బుడబుడ బుడబుడ నా చేన్ల నీళ్ల సప్పుడు! లేచి నిలబడి ముద్ర కొట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా దేశం పోయినంక ఒకనాడు సముద్రం ఒడ్డుకు కూసున్న, ఇంటికెళ్లి మా ఇంటామె జమున ఫోన్ చేసింది, చేన్ల అడవిపందులు పడ్డయని. జర సెల్లు చేను దిక్కు పట్టుమని చెప్పి 'హోయ్' అని ఒక్కటే కేకేసిన. పందులు గిక్కడికెళ్లి ఉరికి ఉరికి ఖానాపూర్ దాటి అడవిల పడ్డయ్. పందులు పోతే పోయినయ్ గని, గా కేకకు నా ముందట సముద్రంల ఉన్న ఓడలు గూడ ఎనుకకు మర్రినయ్!"

నవనీత చున్నీ మూతికి అడ్డం పెట్టుకున్నది.

"నవ్వకు బిడ్డా, పోలీసులొచ్చిర్రు. గా పర్మిట్ ఉన్నోడు అక్కడి కంపెనీల పని చేయొద్దు. అవునా కాదా?"

"అవును మామా, గది నిజమే."

"ఓడలు నువ్వే మర్లేసినవ్, గది మా దేశం పని కాదా అని పట్టుకున్నరు. సార్, నేను కేకేసింది ఇచ్చోడ పందులను, మీ ఓడలు నడుమల ఎందుకు విన్నయ్ అన్న. నోరు మూసుకొని పోయిర్రు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడి గుట్టకు అగ్గంటుకున్నది. నేను చెయ్యి పెట్టొద్దాయె, పర్మిట్ పోతది. మా జమునకు ఫోన్ చేసి, పైపు మూతి పడమటికి తిప్పుమన్న. గక్కడికెళ్లే సెల్లుల మోటర్ ఒత్తిన. నీళ్లు లేసినయ్ సూడు! దుబాయి మీద జల్లు కొట్టి, సముద్రాలు దాటి గుట్ట మీద పడ్డయ్. మంట సల్లారింది."

"నీళ్లు ఉప్పగుండెనా?" అబ్రహాం అడిగిండు.

"దారిల సముద్రం తాకిన నీళ్లు ఉప్పగుండక తియ్యగుంటయా? ఆ దేశం పెద్దాయన ఉరికొచ్చి నా చేతులు పట్టుకున్నడు. బతికినంత కాలం మా దగ్గరనే ఉండుమన్నడు. పత్తి ఏరాలె, నాతోని కాదన్న. 'అట్లయితే మాకే ఇచ్చోడల ఉండనీకె పర్మిట్ ఇప్పియ్యి' అని బతిమాలిండు. వాళ్ల మంత్రులు ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తున్నరు, పరేషాన్ చేస్తున్నరు!"

అందరూ నవ్వుతుండంగ అంతయ్య గ్లాసు కింద పెట్టిండు.

"దశరథం, అన్ని రోజులు నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండె?"

నవ్వులు ఆగినయ్. అంతయ్య దుబాయి ముచ్చట అందరికీ ఎరుకే. దశరథం మాత్రం తడుముకోలే.

"ఎవరి దగ్గరుంటది అన్నా? నా అంగీ జేబుల. ఎవడన్న చెయ్యి పెడితే ఊకుంటనా?"

నవనీత తండ్రి దిక్కు జరిగి కూసున్నది. "బాపూ, మామ చెప్పిన గా ఒక్క మాట పట్టుకో. ఈ పర్మిట్‌కు కఫీల్ ఉండడు. నా పేరు మీదనే ఇస్తరు. పాస్‌పోర్టు నా దగ్గరనే ఉంటది. మనసు కొట్టుకుంటే టికెట్ కొనుక్కొని వచ్చుడే, ఎవర్నీ అడుగుడు లేదు."

ఈ ముచ్చట ఇంట్ల ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పినప్పుడల్ల అంతయ్య లేచి బయటికి పోయేటోడు. ఇయ్యాల పోలే. బిడ్డె మొఖం దిక్కే చూసుకుంట కూసున్నడు.

పొయ్యి కాడికెళ్లి భూమవ్వ అడిగింది. "ఓ దశరథం, నిరుడు దసరా దాటినంకనే గద మనమందరం షిర్డీకని ఆదిలాబాద్‌ల రైలెక్కింది?"

"గదేంది, నడుమల?"

"కిన్వట్ స్టేషన్‌ల 'నాకు ఇల్లు యాదికొస్తుంది' అని ఏడ్సుకుంట దిగి, ఎదురొచ్చిన రైలెక్కి ఇంటికొచ్చింది ఎవరు? పక్క రాష్ట్రంల ఒక్క పూట నిలవనోనికి క్రొయేషియా ఎవడిచ్చిండు?"

అబ్రహాం బెంచీ మీదికెళ్లి కింద పడ్డంత పని చేసిండు. దశరథం అటు చూసి ఇటు చూసి, మీసం దువ్వుకొని, ఆఖరికి తను గూడ పకపక నవ్విండు. అంతయ్య అయితే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. తండ్రి గట్ల నవ్వంగ నవనీత ఎన్నడూ చూడలే.

రోడ్డు మీద హైదరాబాద్ బస్సు హారన్ కొట్టింది. నవనీత బ్యాగు మీద చెయ్యేసే లోపట అంతయ్య దాన్ని భుజానికెత్తుకున్నడు.

"అక్కడ చలుంటదా బిడ్డా?"

"ఉంటది బాపూ. చలికాలం మంచు గూడ పడ్తదంట."

"హైదరాబాద్‌ల మంచి స్వెట్టర్లు దొరుకుతయంటరు. నీకొక్కదానికి సూసుకొని కొనుడు రాదు" అన్నడు అంతయ్య. "పా, నేను గూడ వస్త."